అంతఃకరణం, మనస్సాక్షి, అంతరాత్మ: మూడూ ఒకటేనా?

మా అక్క కొడుకు అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో సివిల్స్‌కు చదువుతున్నాడు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే ఉంటాడు. మొన్నొక సాయంత్రం ఫోన్ చేసి, ఎట్లున్నవ్ అని కూడా అడగకుండా, "మామా, కాన్షియెన్స్‌ను తెలుగుల ఏమంటరు?" అన్నాడు.

"మనస్సాక్షి."

"నా దగ్గర ఒక బుక్కుల అంతరాత్మ అని ఉంది. ఇంకోదాంట్ల అంతఃకరణం అని ఉంది. మూడూ ఒక్కటేనా? ఒక్కటే అయితే మూడెందుకున్నయి?"

వాడి టెన్షన్ ఊరికే కాదు. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో నాలుగో జనరల్ స్టడీస్ పేపరు పూర్తిగా నైతికత మీదే ఉంటుంది. 250 మార్కులు. అధికారికి దారి చూపేవి ఏవి అంటే చట్టాలు, నియమాలు, నిబంధనలు అని చెప్పి, వాటి పక్కనే కాన్షియెన్స్‌ను కూడా సిలబస్‌లో పెట్టారు. దానికి తెలుగులో ఏ మాట ఎంచుకుంటే జవాబు అటువైపు ఒరుగుతుంది. ఆ మూడు మాటలూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ పుట్టిన ఇళ్లు వేరు. ఫోన్లో నేను చెప్పింది సగమే. మిగతా సగం ఇది.

మంత్రులు తడబడే మాట

అంతఃకరణం అనే మాటను తెలుగువాళ్లం ఎక్కువగా వినేది టీవీలో, ప్రమాణ స్వీకారం రోజున. "నా కర్తవ్యాలను శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో నిర్వహిస్తానని" దగ్గరికి వచ్చేసరికి కొత్త మంత్రుల్లో కొందరికి నాలుక మడతపడుతుంది. 2023 డిసెంబరు 7న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తెలంగాణ కొత్త ప్రభుత్వం కొలువుదీరినప్పుడూ వినిపించింది ఈ పాఠమే.

రాజ్యాంగం మూడో షెడ్యూలులోని ఇంగ్లీషు ప్రమాణంలో ఆ చోట ఉన్న మాట 'కాన్షియెన్షియస్లీ'. రోజువారీ ఇంగ్లీషులో దాని అర్థం 'ఒళ్లు దాచుకోకుండా, బుద్ధిగా, నిజాయితీగా' అని. తెలుగు చేసినవాళ్లు దాన్ని అంతఃకరణ శుద్ధి దాకా తీసుకెళ్లారు. మాట బరువు పెరిగింది. చిత్రమేమిటంటే ఎమ్మెల్యేగా చేసే ప్రమాణంలో ఆ పదం లేదు. అక్కడ కర్తవ్యాన్ని శ్రద్ధతో నిర్వహిస్తానని అంటే చాలు. అదే మనిషి మంత్రి కాగానే అంతఃకరణం శుద్ధిగా ఉంచుకోవాల్సి వస్తుంది. (ఇందులో వ్యంగ్యం వెతుక్కునేవాళ్లు వెతుక్కోవచ్చు. రాసినవాళ్ల ఉద్దేశం అది కాదు.)

అంతఃకరణ శుద్ధికి తెలుగులో ఒక తోబుట్టువు ఉంది: చిత్తశుద్ధి. "ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల, భాండశుద్ధి లేని పాకమేల, చిత్తశుద్ధి లేని శివపూజలేల" అన్న వేమన నోటి నుంచి అది ప్రతి ఇంటికీ చేరింది. అక్కడి నుంచి దిగి దిగి ఇప్పుడు ప్రెస్‌మీట్లలో "ఈ ప్రభుత్వానికి చిత్తశుద్ధి లేదు" దగ్గర ఆగింది. వేదాంతంలో మనసుకు పట్టిన మురికి కడగడం అనే అర్థమున్న మాట, రాజకీయాల్లోకి వచ్చేసరికి 'హామీ నెరవేర్చే ఉద్దేశం' అయింది.

అంతఃకరణం అసలు ఒక పనిముట్టు

కరణం అంటే చేయడానికి ఉపయోగపడేది, సాధనం. వ్యాకరణంలో తృతీయా విభక్తి చెప్పేటప్పుడు 'కరణార్థం' అంటాం కదా, అదే కరణం. కన్ను, చెవి, ముక్కు, చెయ్యి, కాలు బయటి సాధనాలు. లోపలిది అంతఃకరణం.

పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం వాళ్లు దీన్ని లెక్కపెట్టి మరీ చెప్పారు: లోపలి సాధనాలు మూడు, బయటివి పది. ఆ మూడూ బుద్ధి, అహంకారం, మనస్సు. వేదాంతులు చిత్తాన్ని కలిపి నాలుగు చేశారు. మనస్సు అటూ ఇటూ ఊగుతుంది. బుద్ధి తేలుస్తుంది. అహంకారం 'ఇది నాది, ఇది చేసింది నేను' అంటుంది. చిత్తం గుర్తుపెట్టుకుంటుంది.

చిక్కడపల్లిలో బస్సు దిగేటప్పుడు సీటు కింద ఎవరిదో పర్సు కనిపించిందనుకోండి. 'తీయనా, వద్దా, కండక్టర్‌కు ఇవ్వనా' అన్న ఊగిసలాట మనస్సు పని. 'ఇచ్చేద్దాం' అని తేల్చేది బుద్ధి. పోయిన నెల నా ఫోన్ పోయినప్పుడు ఎంత ఏడ్చానో గుర్తుచేసేది చిత్తం. ఇచ్చేశాక 'చూశావా, నేనెంత మంచివాణ్నో' అనేది అహంకారం. ఈ నాలుగూ కలిస్తే అంతఃకరణం.

అంటే పాత శాస్త్రాల్లో అంతఃకరణం మంచిచెడ్డలు చెప్పే న్యాయమూర్తి కాదు. ఆలోచనా యంత్రాంగం మొత్తానికి అది పేరు. పర్సు జేబులో వేసుకుందామని తేల్చేది కూడా అంతఃకరణమే. అందుకే 'శుద్ధి' అన్న మాట దానికి తగిలించాల్సి వచ్చింది. కత్తి దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. పదును ఉందా, తుప్పు పట్టిందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సాక్షి అంటే చూసినవాడు

మనస్సాక్షి దగ్గరికి వస్తే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. పనిముట్టు పోయి కోర్టు బోను వస్తుంది.

సాక్షి అనే మాటను పాణిని ఒక సూత్రంలో విడిగా చెప్పాడు: సాక్షాత్తుగా చూసినవాడు. 'సాక్షాత్తు'లో 'అక్షి' ఉంది, కన్ను. కళ్లారా చూసినవాడే సాక్షి. విన్నవాడు కాదు, ఊహించినవాడు కాదు.

ఈ కోర్టు పోలిక ఇవాళ్టిది కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం నడిచేదే న్యాయస్థానంలో. సాక్షులను ఎలా విచారించాలో చెబుతూ మధ్యలో ఒక మాట వస్తుంది: ఆత్మకు ఆత్మే సాక్షి, మనుషులకున్న సాక్షుల్లో ఉత్తమమైన ఆ సాక్షిని అవమానించకు, అని. అబద్ధపు సాక్ష్యం చెప్పబోయేవాడికి చేసే హెచ్చరిక అది. బోనులో నిలబడ్డ మనిషి లోపల ఇంకో బోను, అందులో ఇంకో సాక్షి. ఆ స్మృతిలోని సామాజిక నియమాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఈ పోలిక ఎంత పాతదో చెప్పడానికే దాన్ని ఇక్కడ ప్రస్తావించాల్సి వచ్చింది.

మనస్సాక్షి అనే సమాసంలో ఒక ముడి ఉంది. 'మనస్సే సాక్షి' అని విప్పొచ్చు, 'మనస్సుకు సాక్షి' అనీ విప్పొచ్చు. మొదటిదైతే చూసేది మనస్సు. రెండోదైతే మనస్సును కూడా ఎవరో చూస్తున్నారు. వేదాంతి రెండోదే ఒప్పుకుంటాడు. ఆయన లెక్కలో మనస్సు చూడబడే వస్తువే గానీ చూసేది కాదు. మామూలు మనుషులం మొదటి అర్థంలోనే వాడుతాం. "నీ మనస్సాక్షినడుగు" అన్నప్పుడు వేదాంతం ఎవరికీ గుర్తురాదు. (చాలామంది మనసాక్షి అని రాస్తారు. మనః, సాక్షి కలిస్తే ద్విత్వ సకారం వస్తుంది.)

ఇంకో విశేషం. తమిళులు మనసాట్చి అంటారు, మలయాళీలు మనస్సాక్షి అంటారు, కన్నడిగులు మనస్సాక్షి, ఆత్మసాక్షి రెండూ అంటారు. హిందీవాళ్లు మాత్రం అంతరాత్మా, అంతఃకరణ్, జమీర్ దగ్గరే ఆగుతారు. ముక్కలు రెండూ సంస్కృతానివే అయినా ఈ సమాసం మీద మక్కువ దక్షిణాదిదే.

దుష్యంతుడి రెండు ముఖాలు

ఇప్పటిదాకా చెప్పింది నిఘంటువు పని. అసలు చిక్కు ఒక కథలో ఉంది, అది అందరికీ తెలిసిన కథే.

కాళిదాసు నాటకంలో దుష్యంతుడు కణ్వాశ్రమంలో చెట్టుచాటు నుంచి శకుంతలను చూస్తాడు. మనసు పోయింది. కానీ ఒక అనుమానం: ఈమె ముని కూతురైతే క్షత్రియుడైన తాను పెళ్లాడకూడదు. అప్పుడంటాడు, నా మనసు ఈమెను కోరుతోంది కాబట్టి ఈమె తప్పక క్షత్రియుడు పెళ్లాడదగినదే, "సతాం హి సందేహపదేషు వస్తుషు ప్రమాణమంతఃకరణప్రవృత్తయః" అని. సందేహం వచ్చిన విషయాల్లో మంచివాళ్ల అంతఃకరణం ఎటు మొగ్గితే అదే ప్రమాణం. సంస్కృతంలో అంతఃకరణం మీద ఇంతకంటే పేరున్న వాక్యం ఉందో లేదో!

వినడానికి గొప్పగా ఉంది. కానీ ఎవరంటున్నారు, ఎప్పుడంటున్నారు? వలపులో మునిగిన రాజు, తనకు కావాల్సిన జవాబు కోసం అంటున్నాడు. తనకు నచ్చిందే ధర్మం, ఎందుకంటే తాను మంచివాడు. ఈ తర్కంతో ఏదైనా నిరూపించొచ్చు. ఈ ఒక్క శ్లోకాన్ని సూక్తిగా గోడల మీద రాసేవాళ్లు దాని కింది ముక్క వదిలేస్తారు. శ్లోకం అయిపోగానే రాజే అంటాడు: అయినా సరే, ఈమె సంగతి నిజంగా ఏమిటో కనుక్కుంటాను. కనుక్కుంటాడు కూడా. ఆమె విశ్వామిత్రుడి కూతురని తేలుతుంది. అంతఃకరణం చెప్పింది నిజమే అయింది, కానీ విచారించాకే.

ఇదే దుష్యంతుడు మన నన్నయ దగ్గర వేరే మనిషి. భారత కథలో దుర్వాసుడి శాపం లేదు, పోయిన ఉంగరం లేదు. కొడుకును వెంటబెట్టుకుని శకుంతల సభకు వస్తే, రాజుకు అన్నీ గుర్తుండే 'నువ్వెవరో నాకు తెలియదు' అంటాడు. పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో కూర్చుని నన్నయ ఆమె చేత చెప్పించిన పద్యం "విమలయశోనిధీ! పురుషవృత్త మెఱుంగుచు నుండుఁ జువ్వె" అని మొదలవుతుంది. మనిషి చేసే పని ఎవరెవరికి తెలుస్తూ ఉంటుందో ఆమె వరుసగా లెక్కపెడుతుంది: వేదాలు, పంచభూతాలు, ధర్మం, సంధ్యలు, అంతరాత్మ, యముడు, సూర్యచంద్రులు, పగలు, రాత్రి. ఇన్ని చూస్తుండగా మనిషి తనను తాను మోసం చేసుకోగలడా అని అడుగుతుంది.

తెలుగులో మనకు దొరికే తొలి కావ్యంలోనే అంతరాత్మ ఉంది. ఉన్నది సాక్షుల జాబితాలో, సూర్యచంద్రుల సరసన. నన్నయ దాన్ని మాట్లాడించలేదు. సలహా ఇప్పించలేదు. దానికి తెలుసు, అంతే.

ఆ తెలియడం వల్ల సభలో ఏం ఒరిగింది? ఏమీ లేదు. దుష్యంతుడు నిజం చెప్పలేదు. చివరికి ఆకాశవాణి పలకాల్సి వచ్చింది. అప్పుడు గానీ, లోకం తప్పుబడుతుందని తెలిసీ తెలియనట్టున్నానని ఆయన ఒప్పుకోలేదు. లోపలి సాక్షి సాక్ష్యం చెప్పింది. రాజు దాన్ని రికార్డు కానివ్వలేదు. నాటకంలోని దుష్యంతుడు తన కోరికకు అంతఃకరణం అని పేరు పెట్టుకున్నాడు. భారతంలోని దుష్యంతుడు తన అంతరాత్మను నోరెత్తనివ్వలేదు. ఈ మాట చుట్టూ ఇవాళ జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండు రకాల్లో ఒకటి.

1969: అంతరాత్మకు నోరొచ్చిన ఏడాది

ఉపనిషత్తుల్లో అంతరాత్మ అంటే అన్ని ప్రాణుల లోపలా ఉన్న ఒకే ఆత్మ. కఠోపనిషత్తు దాన్ని సూర్యుడితో పోలుస్తుంది: చూసేవాడి కంటి దోషాలు సూర్యుడికి అంటనట్టు, లోకంలోని దుఃఖం దానికి అంటదు. శ్వేతాశ్వతరం ఒకే మంత్రంలో దాన్ని సర్వభూతాంతరాత్మ అనీ సాక్షి అనీ అంటుంది. ఇలాంటిది 'ఫలానావారికి ఓటెయ్యి' అని చెప్పదు.

చెప్పించింది మన రాజకీయాలు. హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఆయన బరంపురంలో పుట్టిన తెలుగాయన. సంజీవరెడ్డిని నిలబెట్టిన పార్టీ పెద్దలతో పడని ప్రధాని ఇందిరాగాంధీ వర్గం, ఎవరి కాన్షియెన్స్ చెప్పినట్టు వారు ఓటెయ్యండని పిలుపిచ్చింది. తెలుగులో అది 'అంతరాత్మ ప్రబోధం' అయింది, 'ఆత్మప్రబోధం' అయింది. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఇద్దరు తెలుగువాళ్ల మధ్య పోటీని తేల్చిన మాట కాబట్టేమో, మన రాజకీయ భాషలో అది స్థిరపడిపోయింది. ప్రబోధం అంటే మేలుకొలుపు. అప్పటిదాకా మౌనంగా చూస్తూ కూర్చున్న సాక్షి, ఓటింగు రోజు పొద్దున లేచి మాట్లాడడం మొదలుపెట్టింది. నిజంగా మేలుకున్నవాళ్లు ఎందరు, పక్కవాడు తట్టి లేపితే లేచినవాళ్లు ఎందరు అన్నది రహస్య బ్యాలెట్ బయటపెట్టదు.

లోపలి స్వరం అనే ఈ ఊహకు బలమిచ్చిన మరో మనిషి గాంధీ. 1933 మేలో 21 రోజుల నిరాహారదీక్షకు కారణం తనకు వినిపించిన అంతర్వాణేనని ఆయన చెప్పారు. అయితే అంతర్వాణి వినిపించిందని ఎవరు పడితే వాళ్లు అనడానికి లేదు, దానికి వ్రతాలు, కఠినమైన క్రమశిక్షణ కావాలని కూడా ఆయనే చెప్పారు. ఇందులో మొదటి సగం ఎక్కువమందికి గుర్తుంది.

ఇంగ్లీషు మాట కూడా అరువుదే

కాన్షియెన్స్ లాటిన్ 'కాన్షియెంతియా' నుంచి వచ్చింది. 'కాన్' అంటే తోడుగా, కలిసి. 'షియెంతియా' అంటే తెలుసుకోవడం. ఒక రహస్యం ఇంకొకరితో కలిసి తెలిసి ఉండడం అన్నమాట. నేరంలో పాలుపంచుకుని నోరుమూసుకున్నవాడికీ వర్తించే మాట. ఆ 'ఇంకొకరు' బయట కాకుండా నా లోపలే ఉంటే, నేను చేసింది నాతోపాటు నాకే తెలిసి ఉంటే, అదే కాన్షియెన్స్. గ్రీకు 'సునేదేసిస్'ది ఇదే కట్టుబడి. జర్మన్ల 'గెవిస్సెన్', రష్యన్ల 'సోవెస్త్' కూడా అంతే. ఇంగ్లీషువాళ్లకు ఒకప్పుడు 'ఇన్‌విట్' అని సొంత మాట ఉండేది. 1340 నాటి ఒక భక్తి గ్రంథం పేరులోనే అది కనిపిస్తుంది. లాటిన్ మాట వచ్చి దాన్ని తోసేసింది.

గ్రీకు బైబిల్లో సునేదేసిస్ ఉన్నచోట తెలుగు బైబిలు మనస్సాక్షి అంటుంది. రోమీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో "అట్టివారి మనస్సాక్షి కూడ సాక్ష్యమిచ్చుచుండగా" అన్న వాక్యం ఉంది. చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు ఈ మాట ప్రార్థనలోంచి వచ్చింది, మిగతావాళ్లకు సినిమాల్లో అద్దంలోంచి హీరోను నిలదీసే రెండో హీరో దగ్గర్నుంచి.

ఇక్కడ రెండు వాదాలున్నాయి. ఒకటి: నైతిక స్వరం అనే అర్థం మనకు ఇంగ్లీషు చదువుతో, మిషనరీల అనువాదాలతో వచ్చింది. మన దగ్గర ధర్మాన్ని చెప్పింది శాస్త్రం, ఆచారం, పెద్దలు. ఒంటరి మనిషి లోపలి తీర్పుకు అంత విలువ ఎప్పుడూ లేదు. రెండోది: ఇదంతా మన దగ్గర మొదట్నుంచీ ఉన్నదే, పడమటివాళ్లు కొత్తగా నేర్పిందేమీ లేదు.

మొదటి వాదంలో నిజముంది. ఓటుకు, చట్టానికి, హక్కుకు ముడిపడిన అర్థం ఆధునికమే. మనుస్మృతి ధర్మానికి చెప్పిన ఆధారాల్లో ఆత్మతుష్టి, అంటే 'నా మనసుకు సమాధానంగా ఉండడం', ఉన్నమాట నిజమే గానీ ఉన్నది వరుసలో చిట్టచివర, వేదం, స్మృతి, సజ్జనుల నడవడి అయ్యాక. కానీ నన్నయ పద్యాన్ని ఏ మిషనరీ రాయలేదు. తప్పును చూసే కన్ను ఒకటి లోపల ఉందన్న ఊహ ఇక్కడిదే. నాకు తోచేది ఇదీ: సాక్షి మనదే, ఆ సాక్షిని తీసుకెళ్లి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టడం తర్వాత జరిగింది.

నిజానికి పడమట కూడా ఆ కుర్చీ అంత తేలిగ్గా ఇవ్వలేదు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దాన్ని స్వరం అనలేదు, తెలిసిన సూత్రాన్ని ఎదురుగా ఉన్న పనికి అన్వయించడం అన్నాడు. అన్వయంలో పొరపాటు రావచ్చు. పొరపాటుపడిన కాన్షియెన్స్‌ను కూడా మనిషి కాదని నడవకూడదు. అలాగని అది చెప్పినట్టు చేశాను కాబట్టి తప్పు నాది కాదనీ అనకూడదు, తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం తన తప్పే అయినప్పుడు.

జమీర్, మనసొప్పడం

హైదరాబాద్‌లో ఉండి జమీర్‌ను వదిలేస్తే బాగుండదు. పాతబస్తీలో "జమీర్ మర్ గయా క్యా?" అన్నది పెద్ద తిట్టే. ఆ అరబీ మాట వెనకున్న ధాతువుకు దాచడం, దాగి ఉండడం అని అర్థం. ఉర్దూ వ్యాకరణంలో సర్వనామాన్ని కూడా జమీర్ అనే అంటారు. పేరు కనపడకుండా వెనక దాగి ఉంటుంది కదా! తెలుగులో బొమ్మ చూసేది, ఉర్దూలో దాగేది. ఖురాన్‌లో 'నఫ్స్-ఎ-లవ్వామా' అనే మాట ఉంది: తనను తాను నిందించుకునే ప్రాణం. పశ్చాత్తాపానికి అది ఇంకా దగ్గర.

మరి అచ్చ తెలుగులో? ఒక్క నామవాచకం కూడా దొరకదు. దాన్ని లోటు అనుకోనక్కర్లేదు. తెలుగు ఆ పనిని క్రియలతో చేయిస్తుంది. 'మనసొప్పలేదు.' 'లోపల పీకుతోంది.' 'మంచిగ అనిపిస్తలేదు.' లేదా శరీరానికి అప్పగిస్తుంది: గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమంటాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటాం. ఆ సామెతలో దొంగ భుజాల మీద ఏమీ లేదు. సాక్ష్యం చెప్పింది చేతులు. అంతరాత్మ అనే మాట నోటికి తిరగని మా నాయనమ్మ "నాకు మనసొప్పలే" అని జీవితమంతా గడిపింది. ఇందులో ఒక సుగుణం ఉంది. 'మనసొప్పలేదు' అన్నప్పుడు మాట్లాడేది నేనే. 'నా అంతరాత్మ చెప్పింది' అన్నప్పుడు బాధ్యత ఇంకెవరి మీదో వేసినట్టుంటుంది.

ఒక సంతకం, ఒక పింఛను

మా వాడి పేపర్లో వచ్చేలాంటి ప్రశ్నలు రెండు కల్పించి చూద్దాం.

ఒక మున్సిపాలిటీలో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. సీసీ రోడ్డు వంద మీటర్లకు బిల్లు. టేపుతో తనే కొలిస్తే ఎనభై వచ్చింది. మార్చి నెలాఖరు, నిధులు వెనక్కి పోతాయి. "ఎంబీలో (కొలతల పుస్తకంలో) వంద రాసెయ్, మిగతా ఇరవై ఏప్రిల్లో వేయిస్తా" అని కాంట్రాక్టరు. "రాసెయ్" అని పైఅధికారి. ఏఈ ఆలోచిస్తాడు: నిధులు పోతే నష్టపోయేది బస్తీ జనమే కదా, రాయడమే మంచిది, నా అంతరాత్మకు ఇదే సరైందని తోస్తోంది.

అంతఃకరణం చురుగ్గానే పనిచేస్తోంది, కారణాలు వెతుకుతోంది. సాక్షికి మాత్రం తెలిసింది ఒక్కటే: టేపు మీద ఎనభై. 'జనం కోసం' అన్నది కాళిదాసు దుష్యంతుడి గొంతు. ఇక్కడ నియమానికీ మనస్సాక్షికీ తగాదా లేదు, రెండూ ఎనభై అనే అంటున్నాయి. తగాదా ఉన్నట్టు అనిపించడానికి కారణం, ఒత్తిడి అంతరాత్మ వేషం వేసుకుని రావడం.

రెండోది. ఒక ముసలావిడ పింఛను దరఖాస్తు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. నిబంధన ప్రకారం తిరస్కరించాలి. ఆవిడ ఎవరో ఊరందరికీ తెలుసు, అధికారికీ తెలుసు. ఇక్కడ సాక్షికి తెలిసింది ఒకటి, కాగితం చెప్పేది ఇంకోటి. తగాదా నిజమైంది. కాగితమే నెగ్గాలనేవాళ్లు చెప్పేది తేలిగ్గా తీసిపారేయలేం: ఇవాళ మంచి అధికారి తన మనసును బట్టి ఆవిడకు ఇస్తే, రేపు ఇంకో అధికారి తన మనసును బట్టే తన కులం వాడికి ఇస్తాడు. మనసే నెగ్గాలనేవాళ్లదీ అంతే బలమైన మాట: నిబంధన రాసింది అసలైనవాళ్లకు పింఛను అందాలని, ఆవిణ్ని ఆపడానికి కాదు. ఈ రెంటి మధ్య అనుభవమున్న గుమాస్తాలు పట్టుకునే దారి ఫైలు మీద నోట్: విచారణ చేశాను, ఇరుగుపొరుగు వాంగ్మూలం తీసుకున్నాను, ఇద్దరూ ఒకరే, పేరు సవరణకు సిఫార్సు చేస్తున్నాను. లోపలి సాక్షి చూసిందాన్ని బయటి సాక్ష్యంగా మార్చడమిది. 'కనుక్కుంటాను' అన్న రాజు చేసిందీ ఇదే.

చట్టం ఎంతవరకు వింటుంది

రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ కంటే ముందు చెప్పేది కాన్షియెన్స్ స్వేచ్ఛను. హిందీ పాఠంలో అది అంతఃకరణ్. తెలుగు పుస్తకాల్లో అంతఃకరణ, అంతరాత్మ, మనస్సాక్షి మూడూ కనిపిస్తాయి, మా వాడి గందరగోళం అక్కడే మొదలైంది. ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు దానికి ఉన్నాయి.

1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బడిలో జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు, గౌరవంగా ఉన్నారు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి బయటికి పంపింది. కోర్టు పిల్లల పక్షాన నిలిచింది. ఆ నమ్మకం మాకు సబబుగా ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు దాన్ని నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అంది.

ఎమ్మెల్యే, ఎంపీల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. విప్‌ను, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని, కాదని ఓటేస్తే పదవి పోవచ్చు. ఇది సభ్యుల కాన్షియెన్స్‌ను తొక్కేయడమేనని 1992లో కిహోతో హోలోహాన్ కేసులో వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: పార్టీ పేరు మీద, పార్టీ మేనిఫెస్టో మీద గెలిచినవాడు ఆ బంధంలోనే ఉన్నాడు. విమర్శకులు మాత్రం ఆ చట్టం సభ్యుణ్ని చెయ్యెత్తే యంత్రంగా మార్చిందని ఇప్పటికీ అంటారు. రాష్ట్రపతి ఎన్నికకు విప్ లేదు. 1969 మళ్లీ రావాలంటే ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఇదంతా ఫోన్లో కాస్త కాస్త చెప్పాను. నైతికత పేపర్లో మనస్సాక్షి అని, 25వ అధికరణం రాసేటప్పుడు అంతఃకరణ అని, 1969 గురించి రాస్తే అంతరాత్మ ప్రబోధం అని వాడతానన్నాడు. సరే అన్నాను. వెనక చాయ్ బండి చప్పుడు, బస్సుల హారన్లు.

"లోపలికి పోవాలె మామా. పక్క కుర్చీల బుక్కులు పెట్టొచ్చిన, దోస్తుగాడు వస్తా అన్నడు. రెండు గంటలాయె, రాలె. ఒక పిల్లగాడు గోడకు ఆనుకుని నిలబడి చదువుతుండు."

"ఏమన్నాడా?"

"ఏమనలె. మంచిగనే అనిపిస్తలేదు. తీసేస్తున్న పోయి" అని పెట్టేశాడు.